బహురూపి సిఫిలిస్: చర్మం మీద దాని జాడ పట్టుకోవడం

అందరికీ నమస్కారం. స్లైడ్లు మొదలుపెట్టే ముందు ఒక పేషెంట్ గురించి చెప్పాలి. మనిషిని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి వివరాలు కొన్ని మార్చాను.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఓపీకి ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, సిమెంటు పని చేసేవాడు. రెండు అరచేతుల్లోనూ రాగిరంగు మచ్చలు, ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత. మచ్చ మధ్యలో పొట్టు రాలిపోయి, అంచు చుట్టూ మాత్రం సన్నటి తెల్లటి పొర కాలర్‌లాగా మిగిలి ఉంది. దురద లేదు, నొప్పి లేదు. సిమెంటు పని అనగానే చేతుల ఎగ్జిమా అనేసుకున్నాం. స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశాం. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు, మచ్చలు అలాగే ఉన్నాయి. ఈసారి సోరియాసిస్ అన్నాం, ఆయింట్‌మెంట్ మార్చాం. మూడోసారి వచ్చేసరికి మచ్చలు సగం మానిపోయాయి. మా మందు పనిచేసిందని మేమూ నమ్మాం, ఆయనా నమ్మాడు.

నాలుగు నెలల తర్వాత ఆయన భార్య వచ్చింది, ఐదో నెల గర్భంతో. ఆమె అరచేతుల్లో అవే మచ్చలు, అదే తెల్లటి అంచు. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో ఆమెకు సిఫిలిస్‌ను పట్టే వీడీఆర్ఎల్ టెస్ట్ 1:64 వచ్చింది, అంటే రక్తాన్ని 64 రెట్లు పలచన చేసినా పాజిటివ్. అప్పుడు ఆయన్ను పిలిపించాం. మూడుసార్లు వచ్చిన మనిషిని మేం ఒక్కసారి కూడా చొక్కా విప్పమనలేదు, నోరు తెరవమనలేదు. విషయం చెప్పినప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు: "ఈ రక్తపరీక్ష నేను మొదటిసారి వచ్చినప్పుడు లేదా డాక్టరు గారూ?"

ఉంది. 1906లో సిఫిలిస్‌కు తొలి రక్తపరీక్ష, వాసర్‌మన్ టెస్ట్, వచ్చిన దగ్గర్నుంచీ ఏదో ఒక రూపంలో ఉంది. మేమే రాయలేదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆయన ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ఈ జబ్బును మన పెద్దలు సవాయి అన్నారు, కొరుకు అన్నారు. తర్వాత సుఖవ్యాధి అనే మాట వచ్చి కూర్చుంది. ఆ మాట వినగానే పేషెంటు తల దించుకుంటాడు, డాక్టరు గొంతు తగ్గిస్తాడు. ఇద్దరిలో ఎవరికి సిగ్గు ఎక్కువంటే, నా అనుభవంలో డాక్టరుకే. ఆ పేరు నేను వాడను, మీరూ వాడకండి. ఇది పాతకాలపు రోగం, ఇప్పుడెక్కడుంది అనేవాళ్ళు మన వృత్తిలోనే ఉన్నారు. 2022 ఒక్క సంవత్సరంలో 15 నుంచి 49 ఏళ్ళ వయసులో ఉన్న 80 లక్షల మందికి ఇది కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో చాలామంది మొదట ఒక చర్మం డాక్టరు దగ్గరికో, దంతవైద్యుడి దగ్గరికో, జనరల్ ప్రాక్టీసులో మీ దగ్గరికో వచ్చి ఉంటారు. "నాకు సిఫిలిస్ వచ్చింది" అంటూ ఎవరూ రారు. "చేతులకు ఏదో అయింది" అని వస్తారు.

ఇన్ని వేషాలు ఎందుకు వేస్తుందో కొంచెం చెబుతాను. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు ఈ క్రిమిని మొదటిసారి చూశారు. పేరు ట్రెపోనిమా పాలిడమ్. పాలిడమ్ అంటే పాలిపోయినది. మామూలు మైక్రోస్కోపు కింద కనపడనంత సన్నం. పొడవు 6 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది కానీ వెడల్పు మైక్రాన్‌లో అయిదో వంతు. దాని పైపొర మీద మన రోగనిరోధక కణాలు పట్టుకోవడానికి ప్రొటీన్లు చాలా తక్కువ. ఉన్న కొద్దిపాటి వాటిలో ఒకదాన్ని అది మారుస్తూ ఉంటుంది. 30 గంటలకు పైగా గడిస్తే కానీ ఒక క్రిమి రెండుగా చీలదు. అంటే నిదానంగా పెరుగుతుంది, కంటపడకుండా తిరుగుతుంది, రక్తంలో కలిసి ఒళ్ళంతా చేరుతుంది. చర్మం మీద మనకు కనిపించేది ఎక్కువ భాగం క్రిమి చేసిన పని కాదు, ఆ క్రిమికి మన ఒళ్ళు ఇచ్చిన జవాబు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా జవాబిస్తుంది కాబట్టి ఒకరికి మచ్చ, ఒకరికి బొడిపె, ఒకరికి చీముపొక్కు, ఇంకొకరికి కుళ్ళిన పుండు.

మొదటి దశతో మొదలుపెడదాం. సోకిన 9 నుంచి 90 రోజుల్లో, మామూలుగా మూడు వారాలకు, క్రిమి చొరబడిన చోట ఒక పుండు. నొప్పి ఉండదు, ఒక్కటే ఉంటుంది, అడుగు శుభ్రంగా ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే గుండీ పట్టుకున్నట్టు గట్టిగా తగులుతుంది, గజ్జల్లో బిళ్ళలు కడతాయి. పుస్తకంలో ఇంతే. బయట ఇలాగే ఉండాలని లేదు. పుండ్లు రెండు మూడు ఉండొచ్చు. చీము చేరితే నొప్పి పుడుతుంది, హెర్పిస్ కూడా తోడైతే మరీ నొప్పి. మలద్వారం దగ్గర వస్తే చీలికలాగా ఉంటుంది, విరేచనానికి వెళ్ళినప్పుడు మంట పెడుతుంది. ఫిషర్ అని నెలల తరబడి పూతలు పూస్తారు. చీలిక ఎప్పుడూ ఉండే నడిమి గీతలో కాకుండా పక్కకు ఉంటే, అడుగు గట్టిగా ఉంటే, అనుమానించండి. గర్భాశయ ముఖద్వారం మీద వస్తే ఆమెకు తెలియనే తెలియదు.

పెదవి మీద, నాలుక మీద, టాన్సిల్ మీద, రొమ్ము మొన మీద కూడా వస్తుంది. వేలికి వచ్చింది మాత్రం నన్ను చాలా కలవరపెట్టింది. గోరుచుట్టు అని వచ్చిన ఒక కుర్రాడి వేలు అది. గోరు మొదట్లో వాచి, ఎర్రగా కాకుండా ముదురు రంగులో ఉంది. అప్పటికే ఇంకో డాక్టరు దగ్గర కోత పెట్టి చీము తీయబోయారు, చీము రాలేదు. నెల దాటినా మానలేదు. వేలికి వచ్చే ఈ పుండు, మిగతా చోట్ల వచ్చే దానిలా కాకుండా, నొప్పి పెట్టొచ్చు. నేను మోచేతి లోపలివైపు, కీలుకు కాస్త పైన తడిమి చూస్తే గోళీ అంత బిళ్ళ కదిలింది. గోరుచుట్టుకు ఇంత బిళ్ళ ఎందుకు, ఇన్ని రోజులెందుకు అనిపించి రక్తం పంపాను. పాజిటివ్. మానని గోరుచుట్టు, కోసినా చీము రాని గోరుచుట్టు కనిపిస్తే ఆ బిళ్ళ కోసం తడమండి. పది సెకన్ల పని.

మగవాళ్ళలో ఇంకో రూపం ఉంది. పుండు అంటూ ఉండదు, శిశ్నం చివర అంతా ఎర్రబడి, తెల్లటి అతుకులు కట్టి, ఫంగస్ పట్టినట్టు ఉంటుంది. దీన్ని ఫోల్‌మన్ బాలనైటిస్ అంటారు. ఫంగస్ క్రీము రాసి పంపేస్తాం. క్రీముకు లొంగని బాలనైటిస్‌కు సిఫిలిస్ టెస్ట్ ఒకటి రాయడం నాకు అలవాటు.

ఏ మందూ వాడకపోయినా ఈ పుండు 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది. పేషెంటు పీడ పోయిందనుకుంటాడు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

రెండో దశ. ఈ రోజు ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను. పుండు వచ్చిన 4 నుంచి 10 వారాలకు ఒళ్ళంతా మచ్చలు తేలతాయి. కొందరిలో పుండు ఇంకా మానకముందే వస్తాయి. దాంతోపాటు సన్న జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళు బరువు, మెడలో చంకల్లో బిళ్ళలు. చామనచాయ చర్మం మీద మచ్చలు పుస్తకాల బొమ్మల్లో చూపించే గులాబీ రంగులో ఉండవు. నల్లగా, వంకాయ రంగులో, రాగిరంగులో ఉంటాయి. తెల్లటి చర్మం బొమ్మలు చూసి చదువుకున్న మనం ఇక్కడే పొరబడతాం. పగటి వెలుతురులో, పక్క నుంచి వాలుగా చూడండి, పైనుంచి పడే ట్యూబులైటు కింద కనిపించనివి చాలా కనిపిస్తాయి.

దురద ఉండదని మనకు నేర్పారు. దురద పెట్టే సిఫిలిస్ తక్కువేమీ కాదు. "దురద ఉంది కాబట్టి సిఫిలిస్ కాదు" అనే మాట మీ బుర్రలోంచి తీసేయండి. "అరచేతుల్లో లేదు కాబట్టి కాదు" అనేది కూడా. చాలామందిలో అరచేతులు, అరికాళ్ళకు వస్తుంది, అందరికీ రాదు. వచ్చినప్పుడు మాత్రం, నేను మొదట చెప్పిన ఆ తెల్లటి కాలర్ ఉంటే, దాన్ని బియెట్ కాలరెట్ అంటారు, అది చాలా విలువైన గుర్తు. అరికాళ్ళలో ఆనెల్లాగా గట్టిపడి కూడా కనిపిస్తుంది. ఆనెలు ఒకేసారి రెండు కాళ్ళకీ పదీ పదిహేనూ వస్తే అవి ఆనెలు కావు. ఇంకో చిన్న పరీక్ష ఉంది. గుండుసూది తల, మొన కాదు, తలతో బొడిపె మీద నొక్కితే పేషెంటు చటుక్కున చెయ్యి లాక్కుంటాడు. అంత నొప్పి. అందరిలోనూ ఉండదు కానీ, ఉంటే ఉపయోగమే.

ముఖం మీద, ముఖ్యంగా ముక్కు పక్కన, నోటి మూలల దగ్గర, ఉంగరాల్లాంటి చుట్టలు వస్తాయి. అంచు పైకి లేచి, మధ్య శుభ్రంగా ఉంటుంది. చూసినవాళ్ళందరూ తామర అంటారు. గీకి చూస్తే ఫంగస్ ఉండదు, అయినా ఫంగస్ మాత్రలు మింగిస్తారు. ఇంకొందరిలో ఒక పెద్ద బొడిపె, దాని చుట్టూ చిన్న చిన్నవి చెల్లాచెదురుగా, బాంబు పేలి ముక్కలు పడినట్టు. ఇంకొందరిలో గట్టి కణుతులు వస్తాయి, లింఫోమా క్యాన్సర్ అని, సార్కాయిడ్ అనే వాపు జబ్బు అని బయాప్సీలు జరుగుతాయి. కొందరికి చీముపొక్కులు లేస్తాయి. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) చాలా దేశాలకు పాకినప్పటి నుంచి ఈ చీముపొక్కుల రూపం మరింత తికమక పెడుతోంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా, కాబట్టి ఒకటి తేలింది కదా అని రెండోది వదిలేయకండి.

జుట్టు సంగతి. తలమీద చిమ్మట కొట్టిన బట్టలాగా అక్కడక్కడ చిన్న చిన్న ఖాళీలు. పేనుకొరుకుడులో అయితే మచ్చ నున్నగా, గుండ్రంగా, జుట్టు పూర్తిగా ఊడిపోయి ఉంటుంది. ఇందులో ఖాళీలు అంచు తెలియకుండా ఉంటాయి, మధ్య మధ్య కొన్ని వెంట్రుకలు మిగిలే ఉంటాయి, తల వెనకా పక్కలా ఎక్కువ. కనుబొమల బయటి చివర కూడా ఊడొచ్చు, గడ్డంలో కూడా. ఒళ్ళు మీద ఏ మచ్చా లేకుండా జుట్టు ఒక్కటే ఊడుతూ వచ్చినవాళ్ళున్నారు.

నోరు తెరిపించండి. పెదవుల లోపల, నాలుక మీద, అంగిలి మీద బూడిదరంగు అతుకులు, ఒకదానితో ఒకటి కలిసి నత్త పాకిన జాడలాగా వంకర్లు తిరిగి ఉంటాయి. నోటిపూత అంత నొప్పి ఉండదు. నాలుక మీద నున్నగా, బుడిపెలన్నీ చెక్కేసినట్టు ఉండే మచ్చలు కూడా ఇవే. నోటి మూల చీలి, చీలికకు ఇరువైపులా చిన్న బొడిపె రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. విటమిన్ మాత్రలు రాసే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఈ తడి మచ్చల్లో క్రిమి పుష్కలంగా ఉంటుంది, కాబట్టి తాకేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.

జననాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో, ఎక్కడ చెమ్మ ఉంటే అక్కడ, చదునైన తడి బొడిపెలు వస్తాయి. కాండిలోమా లేటా. పులిపిర్లు అనుకుని కాల్చేస్తారు. పులిపిరి గరుకుగా, కోడిజుట్టులా కొసలు కొసలుగా ఉంటుంది. ఇది నున్నగా, బల్లపరుపుగా, చెమ్మగా, బూడిదరంగులో ఉంటుంది. కాల్చే ముందు రక్తం తీయండి. నేను మరీ మరీ చెప్పే మాట ఇది. కాలిస్తే బొడిపె పోతుంది, జబ్బు ఒంట్లోనే ఉంటుంది.

రెండో దశలోనే వచ్చే ఒక ఉగ్రరూపం, లూయెస్ మాలిగ్నా, గురించి కొంచెం దగ్గరగా చూద్దాం. 1859లో బాజాన్ అనే ఫ్రెంచి డాక్టరు వర్ణించాడు. అరుదు. కానీ ఒకసారి చూస్తే మరిచిపోలేం. నేను చూసిన పేషెంట్ నడవలేక వీల్‌చెయిర్‌లో వచ్చాడు. జ్వరం, బరువు బాగా తగ్గాడు. ముఖం మీద, తల మీద, వీపు మీద గుండ్రటి పుండ్లు, వాటి మీద పొరలు పొరలుగా పేరుకున్న గట్టి నల్లటి పక్కు, అచ్చం ఆల్చిప్ప అతికించినట్టు. పక్కు కొంచెం లేపితే కింద చీము, రక్తం, గొయ్యి. అన్నీ ఒకే వయసువి కావు, కొన్ని కొత్తగా లేస్తున్న బొడిపెలు, కొన్ని మానుతున్నవి. పంపిన డాక్టరు రాసిన అనుమానాల్లో రక్తనాళాల వాపు ఉంది, లోపలి ఫంగస్ ఉంది, టీబీ ఉంది, లింఫోమా ఉంది. సిఫిలిస్ లేదు. వీడీఆర్ఎల్ లాంటిదే ఇంకో రక్తపరీక్ష, ఆర్‌పీఆర్, 1:256 వచ్చింది. హెచ్ఐవీ కూడా అప్పుడే తెలిసింది. ఈ రూపం హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది, అందరూ వాళ్ళే కానక్కర్లేదు. షుగరు, తాగుడు, తిండి సరిగా లేకపోవడం ఉన్నవాళ్ళలోనూ చూశారు. మొదటి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చిన రాత్రి ఆయనకు చలి, వణుకు, 103 జ్వరం. డ్యూటీలో ఉన్నవాళ్ళు పెన్సిలిన్ ఎలర్జీ అని కంగారుపడ్డారు. అది ఎలర్జీ కాదు, యారిష్-హెర్క్స్‌హైమర్ రియాక్షన్. క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్ళు ఇచ్చే జవాబు, 24 గంటల్లో తగ్గిపోతుంది. ఇది వస్తుందని పేషెంటుకు ముందే చెప్పాలి, లేకపోతే రెండో ఇంజెక్షన్‌కు రాడు. ఆయన పుండ్లు వారాల్లోనే మానడం మొదలైంది. గుంటలు పడిన మచ్చలు మిగిలాయి.

కుష్ఠు గురించి విడిగా చెప్పాలి. రాగిరంగు చుట్టలు, ముఖం మీద కణుతులు, కనుబొమలు ఊడటం, అన్నీ రెండిట్లోనూ ఉంటాయి. సిఫిలిస్‌ను కుష్ఠు అనుకోవడం, కుష్ఠును సిఫిలిస్ అనుకోవడం రెండూ జరుగుతాయి. మచ్చ మీద స్పర్శ చూడండి, మెడ పక్కన, మోచేయి వెనక నరాలు తడిమి చూడండి. తికమకను ఇంకా పెంచేదేమిటంటే, లెప్రొమాటస్ కుష్ఠులో వీడీఆర్ఎల్ ఉత్తుత్తినే పాజిటివ్ రావచ్చు. లూపస్‌లో, మలేరియాలో, గర్భంలో కూడా అంతే. మామూలుగా అలాంటప్పుడు టైటర్, అంటే ఎంత పలచన చేసినా పాజిటివ్ వస్తుందనే లెక్క, తక్కువగా, 1:8 లోపే ఉంటుంది. అందుకే ఆ ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదు.

మూడో దశ చర్మం మీద ఇప్పుడు అరుదు. ఒకపక్క మానుతూ మచ్చపడుతూ, ఇంకోపక్క పాములా పాకుతూ పోయే కణుతులు, గమ్మాలు అనే గడ్డలు. చర్మం టీబీలా ఉంటాయి. ఇంతకంటే ఇక్కడ ఆగను. పుట్టుకతో వచ్చే సిఫిలిస్‌లో ఒక్కటి గుర్తుంచుకోండి: పుట్టిన బిడ్డ అరచేతుల్లో, అరికాళ్ళలో నీటిపొక్కులుంటే, ముక్కు కారుతూ ఉంటే, తల్లి రిపోర్టు ఆ గంటలోనే చూడాలి.

ఇప్పుడు టెస్టుల దగ్గరికి. అంతకన్నా ముందు అడగడం దగ్గరికి.

పెళ్ళయిందా అని అడిగితే చాలదు. భార్యనో భర్తనో బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, మామూలు గొంతుతో అడగండి. "ఇలాంటి మచ్చలతో వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను, మీరు చెప్పింది ఈ గది దాటి పోదు" అని మొదలుపెడతాను. గడిచిన ఆరు నెలల్లో శారీరక సంబంధం ఎవరితో ఉంది, ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా, ఇద్దరితోనా. నోటితో జరిగిందా, వెనకనుంచా. నా మొహంలో ఆశ్చర్యం కనపడకపోతే వాళ్ళు చెబుతారు. చెప్పకపోయినా ఫర్వాలేదు. టెస్ట్ రాయడానికి కారణం చర్మం మీదే ఉంది, వాళ్ళ ఒప్పుకోలుతో పనిలేదు. "అలాంటి మనిషిలా లేడు" అని టెస్ట్ మానేసిన కేసులే నేను చూసిన ఆలస్యాల్లో సగం. ఆ వాక్యంలో వైద్యం ఏమీ లేదు.

రక్తపరీక్షలు రెండు రకాలు. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ ఒక జాతి. ఇవి క్రిమిని కాకుండా, జబ్బు వల్ల పుట్టే కార్డియోలిపిన్ యాంటీబాడీలను చూస్తాయి. జబ్బు ఎంత చురుగ్గా ఉందో టైటర్‌లో తెలుస్తుంది, చికిత్సకు తగ్గుతాయి. టీపీహెచ్ఏ, టీపీపీఏ, ఎఫ్‌టీఏ, ఇప్పుడు మెషీన్ మీద చేసే కెమిల్యుమినిసెన్స్ ఇంకో జాతి. ఇవి క్రిమి మీది యాంటీబాడీలనే చూస్తాయి. ఒకసారి పాజిటివ్ అయితే చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటాయి, కాబట్టి చికిత్స పనిచేసిందా అనేది వీటితో తెలియదు. ఏది ముందు చేసినా ఫర్వాలేదు, రెండు జాతుల నుంచీ చెరొకటి ఉండాలి. పుండు వచ్చిన కొత్తల్లో రెండూ నెగటివ్ రావచ్చు. అనుమానం బలంగా ఉంటే రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ చేయించండి, అప్పటిదాకా చికిత్స ఆపాల్సిన పనిలేదు.

ఇక ప్రోజోన్. రెండో దశ నిండుగా ఉన్న పేషెంటుకు వీడీఆర్ఎల్ నెగటివ్ రావడం నేను చూశాను. కారణం యాంటీబాడీలు లేకపోవడం కాదు, మరీ ఎక్కువైపోవడం. స్లైడు మీద రేణువులు గుంపులు కట్టాలంటే యాంటీజెన్, యాంటీబాడీ ఒక పాళ్ళలో ఉండాలి. యాంటీబాడీ పొంగిపొర్లితే ప్రతి యాంటీజెన్ రేణువునీ విడివిడిగా కప్పేస్తుంది, ఒకదానికొకటి అతుక్కోవు, గుంపు కట్టదు. చూసేవాళ్ళు నెగటివ్ అని రాస్తారు. సీరమ్‌ను పలచన చేసి మళ్ళీ చూస్తే 1:128, 1:256 అని బయటపడుతుంది. నూటికి ఒకరిద్దరిలోపే జరుగుతుంది, కానీ హెచ్ఐవీలో, గర్భంలో, సరిగ్గా మనకు అవసరమైన చోటే జరుగుతుంది. ల్యాబ్ ఫారం మీద "రెండో దశ సిఫిలిస్ అనుమానం, డైల్యూట్ చేసి చూడగలరు" అని రాయండి. ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఆ ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల నెగటివ్ రిపోర్టు చేతపట్టుకుని ఆరుగురు డాక్టర్ల దగ్గర తిరిగిన మనిషి నాకు తెలుసు.

పుండు, తడి బొడిపె ఉంటే సెలైన్‌తో తుడిచి, అడుగు నుంచి ఊరిన నీరు తీసి డార్క్ గ్రౌండ్ మైక్రోస్కోపు కింద అప్పటికప్పుడు చూడొచ్చు. నల్లటి ఆకాశంలో వెండితీగ చుట్టలాగా మెలికలు తిరుగుతూ కదులుతుంది. నోటి పుండుకు మాత్రం ఇది నమ్మకం కాదు, నోట్లో మామూలుగా ఉండే ట్రెపోనిమాలు కూడా అలాగే కనిపిస్తాయి. పీసీఆర్ ఉన్నచోట అది వాడండి.

బయాప్సీ అన్ని కేసులకీ అక్కర్లేదు. కణుతులు, కుళ్ళిన పుండ్లు, రక్తపరీక్షకూ మచ్చకూ పొంతన లేనప్పుడు చేయండి. పాథాలజిస్టుకు ప్లాస్మా కణాలు కనిపిస్తే ఆయనే అనుమానిస్తాడు అనుకుంటాం. ప్లాస్మా కణాలు దాదాపు లేని కేసులూ ఉన్నాయి. సోరియాసిస్‌లా, లైకెన్ ప్లేనస్‌లా, ఒక్కోసారి లింఫోమాలా కూడా కనిపిస్తుంది. ఫారంలో సిఫిలిస్ అనే మాట మీరు రాస్తే ఆయన క్రిమిని చూపించే స్టెయిన్ వేసి వెతుకుతాడు, వెండి స్టెయిన్ కన్నా యాంటీబాడీలతో రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో క్రిమి బాగా దొరుకుతుంది.

తేలిన ప్రతి పేషెంటుకూ హెచ్ఐవీ టెస్ట్, వాళ్ళకు చెప్పి, ఒప్పుకున్నాకే చేయించాలి. కంటి ఎరుపు, చూపు మసక, చెవిలో హోరు, వినికిడి తగ్గడం, విడవని తలనొప్పి ఉన్నాయేమో అడగాలి. మెదడు, కన్ను, చెవి ఏ దశలోనైనా దెబ్బతినొచ్చు. అలా ఉంటే కండకు ఇచ్చే ఇంజెక్షన్ చాలదు, ఆస్పత్రిలో ఉంచి నరానికి పెన్సిలిన్ 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి.

మిగతా వాళ్ళకు వైద్యం చాలా సులువు. తొలి దశల్లో బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, కండకు, ఒక్కసారి. ఎప్పుడు సోకిందో తెలియకపోతే, ఏడాది దాటితే, వారానికొకటి చొప్పున మూడు. తొలి దశల్లో ఉండి పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్సిసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 14 రోజులు. గర్భిణికి మాత్రం పెన్సిలిన్ తప్ప దారి లేదు, ఎలర్జీ ఉంటే ఆస్పత్రిలో డీసెన్సిటైజ్ చేసి, అంటే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసి మరీ ఇవ్వాలి. అజిత్రోమైసిన్‌తో సరిపెట్టకండి, దానికి లొంగని రకాలు చాలా చోట్ల ఉన్నాయి. ఇంజెక్షన్ ఇచ్చే రోజునే ఆర్‌పీఆర్ టైటర్ రాసిపెట్టుకుని, అదే ల్యాబులో అదే టెస్ట్ 6 నెలలకు, 12 నెలలకు చేయించండి. నాలుగోవంతుకు తగ్గాలి, అంటే 1:64 ఉన్నది 1:16కు. వీడీఆర్ఎల్‌ను ఆర్‌పీఆర్‌తో పోల్చకూడదు.

భాగస్వాముల విషయం సగంలో వదిలేస్తే పని కానట్టే. రెండో దశలో ఉన్నవారికైతే మచ్చలు మొదలైన రోజు నుంచి వెనక్కి ఆరు నెలల్లో సంబంధం ఉన్న అందరినీ పిలవాలి. గడిచిన 90 రోజుల్లో సంబంధం ఉన్నవాళ్ళకు రిపోర్టు నెగటివ్ ఉన్నా ఇంజెక్షన్ ఇచ్చేయాలి, ఎందుకంటే జబ్బు ఇంకా పొదుగుతూ ఉండొచ్చు. భార్యకు ఎలా చెప్పాలి అని అడుగుతారు. నేను పక్కన కూర్చుంటే చెప్పగలరా అని అడుగుతాను. చాలామంది సరేనంటారు.

నేను మొదట చెప్పిన ఆవిడకు ఐదో నెలలోనే పెన్సిలిన్ పడింది. మందు ఇచ్చేసరికి కాన్పుకు నెలకన్నా తక్కువ వ్యవధి ఉంటే తల్లికిచ్చిన మందును బిడ్డకు చాలినట్టు లెక్కపెట్టం, అదృష్టవశాత్తూ ఆమెకు అంతకు ఎన్నో రెట్లు సమయం దొరికింది. బిడ్డ పుట్టినప్పుడు అరచేతులు, అరికాళ్ళు నేనే చూశాను, శుభ్రంగా ఉన్నాయి. రక్తంలో ఆర్‌పీఆర్ 1:4 ఉంది, తల్లిలో ఉన్నదానికన్నా తక్కువ. అవి తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలా, బిడ్డవేనా అనేది ఆ రోజు తేలదు, అలాంటివి ఆరు నెలల్లో వాటంతటవే పోవాలి. మూడు నెలలకు 1:1 వచ్చింది. ఆరో నెలలో తండ్రే బిడ్డను ఎత్తుకుని ఓపీకి వచ్చాడు. నెగటివ్ అని ఉన్న రిపోర్టును ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కేస్‌షీటులో అంటించడానికి నేను ఇంకో కాపీ తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఇక ఫొటోలు చూద్దాం. ఒక్కో ఫొటో చూపించి ఆగుతాను, మీరు ఏ టెస్ట్ రాస్తారో చెప్పండి. మధ్యలో ప్రశ్నలుంటే చెయ్యెత్తండి.